గాలిమూల గూడు

బస్సు కదలబోతుంటే ఉబెలినా వచ్చింది. పీతల షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, రబ్బరు ఏప్రను కూడా విప్పలేదు. కిటికీ కింద నిలబడి, గుడ్డలో చుట్టిన రొట్టె పైకి అందించింది.

"వేడిగా ఉంది, కొమాద్రే. దార్లో తిను."

ఉబెలినా కూతురికి జ్ఞానస్నానం చేయించిన రోజు పిల్లను ఎత్తుకుని నిలబడింది ఎల్వీరా చిగ్వాయ్. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొమాద్రెలు. ఈ ఊళ్ళో అది తోబుట్టువు కంటే ఒక మెట్టు ఎక్కువ.

"మా ఆయన గూడు పీకేస్తారంట కదా?" అంది ఉబెలినా.

ఎల్వీరా రొట్టె ఒళ్ళో పెట్టుకుంది. "ఎవరు చెప్పారు?"

"చేపల మార్కెట్లో చెప్పారు. ఊరందరికీ తెలిశాక నాకు తెలిసింది. పీకేది నువ్వేనా?"

"నన్నే పీకమన్నారు."

"పీకితే పీకు. నువ్వు కాదంటే ఇంకొకడి చేత పీకిస్తారు, నీ పని కూడా పోతుంది. నేనేం అనను." ఉబెలినా చేతులు ఏప్రనుకు తుడుచుకుంది. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి. "మనుషుల్ని వదిలేసి పారిపోయాడన్నారు. పెద్దవాళ్ళు అంటే పడ్డాను. మొన్న బళ్ళో పిల్లదాన్ని కూడా అన్నారు. గూడు అక్కడుంటే, ఈ మనిషి దారి మీదే ఎందుకు పోయాడని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. అదీ తీసేస్తే ఇంక అడిగే దిక్కు లేదు."

డ్రైవరు హారను కొట్టాడు.

"ఆయన కప్పు ఉందేమో మాత్రం చూడు. కంపెనీవాళ్ళు బట్టలిచ్చారు, బూట్లిచ్చారు, చాకు కూడా ఇచ్చారు. రేకు కప్పు ఇవ్వలేదు. అడుగున సొట్ట ఉంటుంది. మా పెళ్ళిలో తాగి మీ ఆయనే కదా దాని మీద కూర్చున్నది."

ఎల్వీరాకు నవ్వు రాబోయింది. బస్సు కదిలింది. పుయెర్తో నతాలెస్ ఇళ్ళన్నీ దాటి, నీళ్ళ ఒడ్డున మెడలు ముడుచుకుని కూర్చున్న పక్షులను దాటి, రోడ్డెక్కింది. ముందు సీట్లో బల్తసార్ కూర్చుని ఉన్నాడు. కొండల్లో అతిథుల జట్టును నడిపేది అతనే. అతను కిటికీలోంచి ఉబెలినాను చూశాడు. పలకరించలేదు.

*

యాత్రలు నడిపే కంపెనీ చెప్పిన కథ చిన్నది. కిందటి వేసవి చివర్లో కనుమ దగ్గర గాలి లేచినప్పుడు, మూటలు మోసే ఉబెలినా మొగుడు నిబాల్దో తన మూట దించేసి, జట్టును వదిలి, అడ్డదారిన దిగబోయి జారిపోయాడు. శవం కింద మంచునది అంచున దొరికింది. తోటి మూటలవాళ్ళు గుడారాలు వేయడానికి అప్పటికే ముందు వెళ్ళిపోయారు. అతిథులు మొహాలు నేలకానించి పడుకుని ఉన్నారు. చూసింది ఒక్క బల్తసార్. అలాగే జరిగిందని అతను కాయితం మీద సంతకం పెట్టాడు.

మూట దొరికిన చోట, కనుమకు అవతలి వైపు గాలిమూల అనే మలుపులో, మూటలవాళ్ళు రాళ్ళతో గూడు కట్టారు. ఇక్కడ మనిషి ఊపిరి ఎక్కడ పోతే అక్కడ గూడు కడతారు. సమాధి ఒంటికి, గూడు ఆత్మకు. మరోచోట కడితే పోయినవాడు దారి తప్పి తిరుగుతాడంటారు. అతిథులు ఆ గూడు చూసి భయపడుతున్నారనీ, దాన్ని కింద సరస్సు ఒడ్డుకు మార్చమనీ కంపెనీ యజమాని దోన్ ఎవరార్దో ఇప్పుడు చెప్పాడు.

అతిథులు ఆరుగురు. బల్తసార్ ముందు, వాళ్ళు మధ్యలో, ఎల్వీరా చివర. చివర నడిచే మనిషి వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరి బూటు లేసు ఊడినా, ఎవరు ఫొటో కోసం ఆగినా చివరి మనిషి ఆగాలి. వాళ్ళు కదిలాకే కదలాలి.

మొదటి రోజు మధ్యాహ్నం అడవిలో ఆమెకు వెనక రేకు చప్పుడు వినిపించింది. మూటకు కట్టిన కప్పు నడకకు ఊగి చట్రానికి తగిలే చప్పుడు. ఒకసారి తగిలి, కాస్త ఆగి, మళ్ళీ తగులుతోంది. మూటలవాళ్ళు వేగంగా నడుస్తారు, వాళ్ళకు దారి ఇవ్వాలి. ఆమె పక్కకు జరిగి చెట్టుకు ఆనుకుంది. ఎవరూ రాలేదు. మూటలవాళ్ళు పొద్దున్నే ముందు వెళ్ళిపోయారని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమైందమ్మా?" అని ముందు నడుస్తున్న అతిథి దోన్యా ఓర్తెన్సియా వెనక్కి తిరిగింది. వల్పరాయిసోలో మంత్రసానిగా చేసి రిటైరయిన మనిషి, పెద్దావిడని అందరూ మర్యాదకు దోన్యా అంటారు.

"ఏం లేదు. గాలి."

"గాలికి దారిస్తారా మీ ఊళ్ళో?"

"ఇవ్వకపోతే తోసేసి పోతుంది, దోన్యా."

*

సాయంత్రం గుడారాల దగ్గర బల్తసార్ మాతె కలిపాడు. ఎండబెట్టిన ఆకు సొరబుర్రలో పోసి, వేన్నీళ్ళు నింపి, గొట్టం పెట్టి పక్కవాడికి ఇవ్వాలి. వాడు అడుగంటా పీల్చి తిరిగివ్వాలి. మళ్ళీ నింపి ఆ పక్కవాడికి. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే, వరస మారదు. ఇక చాలనుకున్నవాడు బుర్ర తిరిగిస్తూ కృతజ్ఞతగా గ్రాసియాస్ అంటాడు. ఆ మాట అననంతసేపు వాడి వంతు వస్తూనే ఉంటుంది.

అతిథుల్లో ఫగూందెస్ అనే ఉరుగ్వాయ్ పళ్ళ డాక్టరు ఉన్నాడు. అతని సొంత ఫ్లాస్కు పగలూ రాత్రీ చంకలోనే ఉంటుంది.

"చిలీవాళ్ళు మాతెలో చక్కెర వేస్తారని విన్నాను. మా ఇంట్లో అయితే తరిమి కొడతాం."

"మరి తాగకండి," అంది ఎల్వీరా.

"అయ్యో, తాగండి, ఇంకా వేసుకోండి. పళ్ళ డాక్టర్ని, నా నోటి దగ్గర కూడు నేనే తీసుకుంటానా?"

అందరూ నవ్వారు. బల్తసార్ నవ్వలేదు. బుర్ర నింపి ఎడమ పక్కకు చెయ్యి చాచాడు. అటు ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి ఉంది. దాని మీద ఎవరూ లేరు. చెయ్యి కొంతసేపు అలాగే ఉంది.

"అక్కడెవరూ లేరు కదా?" అన్నాడు ఫగూందెస్.

బల్తసార్ చెయ్యి వెనక్కి తీసుకుని ఆ బుర్ర తనే తాగాడు. తర్వాతి చుట్టులోనూ చెయ్యి అటే వెళ్ళింది. మళ్ళీ తనే తాగాడు.

ఎల్వీరా కళ్ళు దించుకుంది. నిబాల్దో కూర్చునే చోటు అది. అతను చనిపోయిన రోజు పొద్దున మాతె వరస మధ్యలో కంపెనీ నుంచి రేడియో పిలుపు వచ్చింది. బయల్దేరండని అందరినీ లేపారు. నిబాల్దో గ్రాసియాస్ అనకుండానే లేచి వెళ్ళాడని మూటలవాళ్ళు చెప్పుకుంటారు.

*

రెండో రోజంతా మంచునది పక్కనే నడిచారు. అప్పుడప్పుడు లోపల ఎక్కడో మంచు విరిగి ఉరిమినట్టు మోగేది. అతిథులు ఆగి చూసేవాళ్ళు. చప్పుడు వినిపించేసరికి విరగడం అయిపోయి ఉంటుంది, నీళ్ళు మాత్రం కదులుతుంటాయి.

రేకు చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎల్వీరా పక్కకు జరగలేదు, వెనక్కి చూడలేదు. నడక వేగం పెంచితే అదీ పెరిగింది. ఆగితే ఆగింది. తన సంచిని తడిమి చూసుకుంది. దానికి ఏ రేకూ కట్టి లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర బల్తసార్ ఆమె పక్కన రాతి మీద కూర్చున్నాడు.

"రేపు మేం మూల దాటిపోతాం. నువ్వెలాగూ చివరే కదా. రాళ్ళు పక్కకు దొర్లించేసి శిలువ సంచిలో పెట్టుకో. కింద సరస్సు దగ్గర కడదాం. బాగానే కడదాం, చిగ్వాయ్. పైన రేకు కూడా వేద్దాం."

"అతను సరస్సు దగ్గర పోలేదు, దోన్ బల్తా."

"శవం దొరికింది కిందే కదా."

"దొరికిన చోటు వేరు, పోయిన చోటు వేరు."

"నువ్వున్నావా అక్కడ?"

"నేను లేను. మీరున్నారు."

బల్తసార్ చాకుతో జున్ను కోశాడు. తనకో ముక్క, ఆమెకో ముక్క. మూడో ముక్క కూడా కోశాడు. కాసేపు దాన్ని చాకు మొన మీదే పట్టుకుని, పక్షికి విసిరేశాడు.

"సీజను మొదట్లోనే ఉన్నాం," అన్నాడు లేస్తూ. "నీ పని నువ్వు చెయ్యి. నన్ను అడగాల్సింది నా ఒళ్ళే అడుగుతోంది, నువ్వు కూడా అడక్కు."

*

మూడో రోజు కనుమ ఎక్కారు. పైకి వచ్చేసరికి అవతల మంచు తప్ప ఇంకేమీ లేదు. అతిథులు మాటలాపేశారు. ఫగూందెస్ ఫ్లాస్కు సంచిలో పెట్టేసుకున్నాడు.

దిగే దారి ఒక మనిషి పట్టేంత. ఎడమ పక్క కొండ, కుడి పక్క గులకరాళ్ళ వాలు, వాలు చివర మంచునది. గాలిమూల దగ్గర దారి బయటికి వంగి లోపలికి తిరుగుతుంది.

మూలకు కాస్త ఇవతల ఉండగా కింద మంచు మీద తెల్లటి పొడి లేచింది. లేచి వాళ్ళ వైపు పరిగెత్తింది.

"కూర్చోండి!" అని బల్తసార్ అరిచాడు.

అందరూ మోకాళ్ళ మీద పడి, కర్రలు నేలలో గుచ్చి, గాలికి వీపు పెట్టారు. గాలి వచ్చింది. ఒకరి టోపీ పోయింది. ఎల్వీరా ఓర్తెన్సియా నడుము పట్టుకుని నేలకు అదిమింది. ముసలామె ఏదో అంది, వినపడలేదు.

గాలి తగ్గగానే బల్తసార్ తాడు తీశాడు. ఒక కొస కొండకు దిగేసిన ఇనుప మేకుకు కట్టాడు. రెండో కొస పట్టుకుని ఒకరు మూల బయటి అంచున నిలబడాలి. తాడు బిగువుగా ఉంటే మిగతావాళ్ళు దాని లోపలి వైపు, తాడు పట్టుకుని నడుస్తారు. అతను కళ్ళు మంచు మీదే పెట్టి, తర్వాతి పొడి ఎక్కడ లేస్తుందా అని చూస్తూ, మిగిలిన తాడు చుట్టను వెనక్కి చాచాడు.

"నిబాల్దో! తాడు పట్టు! బయటి వైపు నిలబడు!"

అప్పుడే గాలి పూర్తిగా ఆగింది. ఆ మాట ఆరుగురికీ వినపడింది.

బల్తసార్ వెనక్కి తిరగలేదు. చాచిన చెయ్యి కిందికి దించలేదు. ఎల్వీరా వంగి, అందరినీ దాటుకుని వెళ్ళి, ఆ చేతిలోంచి తాడు తీసుకుంది.

మూల బయటి అంచున నిలబడదగ్గ చోటు ఒకటే ఉంది. కాలు తన్నిపెట్టడానికి నేలలోంచి పొడుచుకొచ్చిన రాయి అక్కడ ఒక్కటే. సంచి వీపున ఉంటే గాలికి తెరచాపలా పట్టుకుంటుంది. ఆమె సంచి దించి, కొండ వైపు పెట్టి, పట్టీ మీద రాయి ఉంచింది. రాయి ఉంచాక చెయ్యి ఆగింది. నిబాల్దో మూటను మూటలవాళ్ళు ఇలాగే చూశారు, పట్టీ మీద రాయితో.

మూట దించి పారిపోయాడన్నారు. ఆమె కిందికి చూసింది. అడ్డదారి లేదు. దారే లేదు. గులకరాళ్ళు, వాటి కింద మంచు.

కాలు రాతికి తన్నిపెట్టి నిలబడితే గూడు ఆమె మోకాలికి తగిలింది. రాళ్ళ మధ్య శిలువ, నీళ్ళ సీసా, కరిగి గట్టిపడిన కొవ్వొత్తి. శిలువ మీద మేకుతో గీసిన పేరు.

బల్తసార్ పాకుతూ వచ్చాడు. ఆమె నడుం చుట్టూ తాడు తిప్పి ముడి వేశాడు. లాగి చూశాడు. విప్పి మళ్ళీ వేశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. ఆమె అతని మొహం చూసింది. అతను ముడినే చూస్తున్నాడు.

ఒక్కొక్కరూ దాటారు. ఓర్తెన్సియా గూడు ముందుకు వచ్చి శిలువ మీది పేరు చదివి, ఒక చెయ్యి తాడు మీద నుంచి తీసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"చెయ్యి తియ్యకండి, దోన్యా!" అని ఎల్వీరా అరిచింది.

"తీశాను, పెట్టాను. నడుస్తున్నాగా."

ఫగూందెస్ చివరివాడు. అతను అటు చేరుతుండగా రెండో గాలి వచ్చింది. ఎల్వీరా కాలు రాతి మీద నుంచి జారింది. ఒళ్ళు బయటికి వాలింది. తాడు నడుములోకి దిగబడింది. ముడి నిలిచింది. ఆమె గూటి రాళ్ళు పట్టుకుని మళ్ళీ కాలు పెట్టుకునేదాకా ఎంతసేపైందో ఆమెకు తెలియదు. అంతసేపూ రేకు చప్పుడు చెవి పక్కనే మోగింది. గాలి పోయాక అదీ పోయింది.

అందరూ మలుపు తిరిగి కనపడకుండా పోయారు. ఆమె ముడులు విప్పుకుని గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెప్పిన పని చేయడానికి ఎక్కువసేపు పట్టదు. పై రాయి ఒకటి తీసింది. దాని కింద నాచు పట్టి ఉంది, రాయి ఈ చోటికి అలవాటు పడ్డట్టే ఉంది. కప్పు కోసం లోపలికి చెయ్యి పెట్టి వెతికింది. లేదు. సంచిలోంచి ఉబెలినా రొట్టె తీసి, మిగిలిన అంచు తుంచి లోపల పెట్టింది. రాయి మళ్ళీ పైన పెట్టి, కదలకుండా చిన్న రాయి ఒకటి కింద దోపింది.

*

కింద గుడారాల దగ్గర ఇంకా వెలుగుంది. మాతె నీళ్ళు కాగాయి. బల్తసార్ మొదటి బుర్ర నింపాడు.

"ఒక మాట అడగనా?" అంది ఓర్తెన్సియా. "మీరు పిలిచిన పేరూ, శిలువ మీద ఉన్న పేరూ ఒకటే. ఎవరతను?"

బల్తసార్ జవాబు చెప్పేలోపు రేడియో గరగరలాడింది. యజమాని గొంతు.

"బల్తా, అందరూ దిగారా?"

"దిగాం, దోన్ ఎవరార్దో."

"ఆ పని అయిందా?"

బల్తసార్ ఎల్వీరా వైపు చూశాడు. "అయిందా?"

"కాలేదు," అంది ఎల్వీరా. కూర్చున్న చోటి నుంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "గూడు ఎక్కడ కట్టాలో తెలియక ఊరుకున్నాను. అతను ఎక్కడ పోయాడో చూసింది మీరొక్కరే. ఇక్కడ, వీళ్ళందరి ముందు చెప్పండి. మీరు చూపించిన చోట రేపు నా చేతుల్తో నేనే కడతాను."

ఫగూందెస్ ఏదో అనబోయాడు. ఓర్తెన్సియా అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

బల్తసార్ చేతిలో బుర్ర ఉంది. చెయ్యి ఎడమ పక్కకు వెళ్ళి, ఖాళీ పెట్టె ముందు ఆగింది. రేడియోలో యజమాని రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. బల్తసార్ రెండో చేత్తో మీట నొక్కాడు.

"గూడు ఉన్న చోటే ఉంటుంది, దోన్ ఎవరార్దో. అతను పోయింది అక్కడే."

"ఏం మాట్లాడుతున్నావ్? అనుకున్నాం కదా మనం."

"అనుకున్నాం. అతిథులకు సరస్సు మీది పడవ తప్పిపోతుంది, గాలి ఉన్నా దాటించెయ్ అని ఆ పొద్దున మీరన్నారు. తాడు పట్టుకుని బయట నిలబడు అని నేనన్నాను. అతను నిలబడ్డాడు." బల్తసార్ ఊపిరి తీసుకున్నాడు. "నడుముకి కట్టలేదు. కట్టే తీరిక లేదనుకున్నాను. ఇవాళ ఉంది."

అటు నుంచి ఏదో మాట మొదలైంది. అతను రేడియో కట్టేసి గడ్డిలో పెట్టాడు.

బుర్రలో నీళ్ళు చల్లారిపోయాయి. అతను వాటిని పారబోసి, మళ్ళీ నింపి, చెయ్యి ఎడమకే చాచాడు. ఎల్వీరా లేచి వెళ్ళి ఖాళీ పెట్టె మీద కూర్చుంది. బుర్ర అందుకుని అడుగంటా తాగింది. గొట్టం తుడవకుండా తిరిగి ఇచ్చింది. బల్తసార్ బుర్ర పట్టుకుని ఆమె మొహంలోకి చూస్తూ ఆగాడు.

"ఆ గ్రాసియాస్ నేను అనలేను," అంది ఎల్వీరా. "అది నా వంతు కాదు. ఊళ్ళోకి వెళ్ళాక ఉబెలినా ఇంట్లో కూర్చుని తాగండి. ఆవిడ పోస్తే."

"పొయ్యకపోతే?"

"పొయ్యకపోతే గుమ్మంలోనే చెప్పండి. పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళండి. పిల్ల వినాలి."

"నాకు తెల్లారాక ఈ పని ఉండదు," అన్నాడు బల్తసార్. "నీకూ ఉండకపోవచ్చు."

"పీతల షెడ్డులో ఎప్పుడూ మనుషులు కావాలంటారు. మీకు చేతులు తెగుతాయి, నాకు అలవాటే."

ఫగూందెస్ తన ఫ్లాస్కు మూత తీశాడు. "నీళ్ళు తక్కువైతే ఇవి పోసుకోండి," అన్నాడు. "చక్కెర కూడా వేసుకోండి, నేనేం అనను."

*

మర్నాడు సరస్సు వైపు దిగారు. బల్తసార్ ముందు, అతిథులు మధ్యలో, ఎల్వీరా చివర. గాలి వెనక నుంచి వీస్తోంది. ఆమె చెవులు వెనకే ఉన్నాయి. చాలాసేపు నడిచినా వెనక ఏమీ లేదు.

చప్పుడు వచ్చింది. ముందు నుంచి వచ్చింది.

ఆమె తల ఎత్తి చూసింది. దారి కిందికి మెలికలు తిరగడంతో వరసంతా కనిపిస్తోంది. బల్తసార్ సంచికి ఎడమ పక్కన రేకు కప్పు ఒకటి వేలాడుతోంది. అతను అడుగు వేసినప్పుడల్లా ఊగి చట్రానికి తగులుతోంది.

తర్వాత వాగు దగ్గర నీళ్ళు పట్టుకోవడానికి ఆగినప్పుడు ఆమె వరస దాటుకుని ముందుకు వెళ్ళింది. కప్పును వేలితో తిప్పి చూసింది. అడుగున సొట్ట ఉంది.

"ఎక్కడ దొరికింది?"

"మూల దగ్గరే. తర్వాత గూడు కట్టిన చోట, రాళ్ళ సందులో. అక్కడ దొరికిందంటే అక్కడే నిలబడ్డాడని తెలిసిపోతుందని తీసేశాను." బల్తసార్ ఆమె వైపు చూడలేదు. సీసా నీళ్ళలో ముంచి పట్టుకున్నాడు, నిండాక కూడా అలాగే పట్టుకున్నాడు. "మేజోడులో చుట్టి సంచి అడుగున పెట్టాను, చప్పుడు చెయ్యకుండా. అయినా చేసేది."

"నాకూ వినపడింది," అంది ఎల్వీరా.

అతను సీసా మూత బిగించి లేచాడు. "ఆవిడకి ఇస్తే తీసుకుంటుందా?"

"కప్పు తీసుకుంటుంది. మీ సంగతి నాకు తెలీదు."

అతను తల ఊపి బయల్దేరాడు. అతిథులు ఒక్కొక్కరే అతని వెనక కదిలారు. ఓర్తెన్సియా బూటు లేసు ఊడింది. వంగి కట్టుకోవడానికి ఆమెకు సమయం పట్టింది. ఎల్వీరా ఆమె పక్కన ఆగింది. ముందు కప్పు మోగుతూ దూరమైంది. మలుపు తిరిగాక కూడా కాసేపు వినిపించింది.

"పద," అంది ఓర్తెన్సియా నడుం మీద చెయ్యి వేసుకుని లేస్తూ. "వెనక ఇంకా ఎవరైనా ఉన్నారా?"

ఎల్వీరా వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ దారి, దాని పైన కనుమ.

"లేరు," అంది. "అందరూ ముందే ఉన్నారు."